ధర ఎక్కువ చెప్పిన రోజు

అక్రా పక్కన సముద్రం ఒడ్డునున్న మా టేషీలో మొగుడూ పెళ్ళాం ఒకే ఇంట్లో ఉండరు. ఈ మాట చెబితే పైఊళ్ళవాళ్ళు ముందు నోరెళ్ళబెడతారు, తర్వాత నవ్వుతారు. నవ్వనీ. ఆడవాళ్ళం అమ్మమ్మ, అమ్మ, అక్కచెల్లెళ్ళతో ఆడవాళ్ళ లోగిలిలో ఉంటాం. మగవాళ్ళు తండ్రులతో, అన్నదమ్ములతో మగవాళ్ళ లోగిలిలో ఉంటారు. సాయంత్రం వండి, గిన్నె మీద మూతపెట్టి, గుడ్డతో మూటకట్టి మొగుడికి పంపిస్తాం. చీకటి పడ్డాక కబురొస్తే స్నానం చేసి, ఉన్నవాటిలో మంచి గుడ్డ కట్టుకుని వెళ్తాం. తెలవారకముందే తిరిగొచ్చి పొయ్యి రాజేసుకుంటాం. నా మటుకు నాకు ఈ పద్ధతి బాగానే ఉండేది. నా మొగుడు లారీ డ్రైవరు. ఆయన విసుగూ, ఆయన చుట్టకంపూ నాకు కొద్దికొద్దిగా, నేను తట్టుకోగలిగినంతే అందేవి.

మా ఆఫోలే పెద్దమ్మకి మాత్రం అది చాలలేదు.

ఆమె మా అమ్మకి అక్క. పంతొమ్మిది వందల డెబ్భై ఒకటి నాటికి ఆమెకు యాభై దాటాయి, నాకు ముప్ఫై. చేపలకి పొగపెట్టే ఆమె నాలుగు పొయ్యిల పక్కనే నా రెండు పొయ్యిలూ ఉండేవి. పొద్దుట్నుంచీ ఇద్దరం ఒకే పొగ మింగేవాళ్ళం. ఒకసారి చేపలు తిరగేస్తూ ఉన్నట్టుండి అంది.

"ముప్ఫై ఏళ్ళ నించీ వండి పంపుతున్నానే ఆ మనిషికి. తింటుంటే ఒక్కసారి కూడా చూళ్ళేదు."

"తింటుంటే చూడ్డానికేముంది పెద్దమ్మా? నోరు తెరుస్తారు, పెడతారు, మూస్తారు."

"నీకు తెలీదులే. ముద్ద ఏ చేత్తో తుంచుతాడో, ముందు పులుసు తాగుతాడో చేప విరుస్తాడో... పరాయి మగవాళ్ళందరికీ తెలుసు. నాకు తెలీదు."

మగవాళ్ళు మగవాళ్ళతోనే కూర్చుని తింటారు మా ఊళ్ళో. ఆమెకు తెలిసిందల్లా తిరిగొచ్చిన గిన్నె. అది రాగానే మూత తీసి, వెలుతురుకు పట్టి, మందుల చీటీ చదివినట్టు చదివేది. మిరప్పచ్చడి పక్కకు తోసి ఉంటే, "కడుపులో మంటగా ఉందే ఆయనకి," అనేది. పులుసు అడుగంటా తుడిచి ఉంటే, "ఇవాళ సముద్రం మీద ఒళ్ళు హూనమైపోయింది," అనేది. మా అమ్మమ్మకు ఎనభై ఏళ్ళు, మంచం దిగకపోయినా నోటికి మాత్రం సెలవుండేది కాదు.

"అది నీ మొగుడి ఆకలో, పక్కన కూర్చున్న వాళ్ళ బాబాయి ఆకలో నీకేం తెలుసే పిచ్చిదానా?" అనేది.

పెద్దమ్మ గిన్నె కడుక్కునేది.

ఆమె పిచ్చిది కాదు. ఊళ్ళో అంత తెలివైన మనిషి మరొకరు లేరు. మా అమ్మమ్మ వాళ్ళమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని, రైలు రాకముందు, అడవిదారుల్లో పన్నెండు రోజులు నడిచి అమ్ముకొచ్చేదట. అమ్మమ్మ ఆ రైలెక్కి లోపలి పట్నం కుమాసీ దాకా వెళ్ళి అక్కడ తన మనుషుల్ని ఏర్పాటు చేసుకుంది. పెద్దమ్మ కదలకుండా పొయ్యి దగ్గరే నిలబడి లారీలను తన గుమ్మంలోకి రప్పించుకుంది. పడవలకు మోటార్లు వచ్చిన కొత్తలో మగవాళ్ళు వాటిని చుట్టూ తిరిగి చూడటమే గానీ కొనే స్తోమత ఎవరికీ లేదు. కొన్నది మా ఆడవాళ్ళు. తెడ్లు వేసుకుంటూ కనుచూపు మేరకు వెళ్ళొచ్చే పడవలు ఆ తర్వాతే నడిసముద్రం చూశాయి. ఊళ్ళో ప్రతి సిమెంటు గోడా, ప్రతి పిల్లాడి బడి ఫీజూ, ప్రతి చావుకీ పంచిన గుడ్డా ఆ పొగలోంచి వచ్చినవే. నేనేమీ గొప్పలు చెప్పడం లేదు. నమ్మనివాళ్ళు వచ్చి మా కళ్ళు చూడండి, ఇప్పటికీ ఎర్రగానే ఉంటాయి.

ఒకసారి అక్రా నుంచి కళ్ళద్దాల కుర్రాడొకడు కాగితాలు పట్టుకుని వచ్చాడు. ఎవరెవరు ఏం పని చేస్తారో రాసుకుంటాడట.

"మీ ఆయనేం చేస్తారమ్మా?"

"చేపలు పడతాడు."

"పడవ?"

"ఆయనదే."

"మోటారు?"

"నాది."

"వల?"

"సగం నాది."

"మరి మీరేం చేస్తారు?"

పెద్దమ్మ నాలుగు పొయ్యిల మధ్య నిలబడి, మోచేత్తో కళ్ళు తుడుచుకుని, "చూస్తూనే ఉన్నావు కదా నాయనా," అంది. అతను చూశాడు, రాసుకున్నాడు. నాకు చదువొచ్చు కాబట్టి వంగి చూశాను. ఇంటిపని అని రాశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెద్దమ్మ మాత్రం, "పోనీలేవే, పాపం ఆకలి మీదున్నాడు," అని రెండు వేడి చేపలు ఆకులో చుట్టి అతని చేతిలో పెట్టి పంపించింది.

ఆ నాలుగు పొయ్యిల సంపాదనతోనే ఆమె ఇల్లు కట్టింది. లోగిలికి కాస్త దూరంగా, సముద్రం వైపు దిబ్బ మీద, రెండు గదులూ ఒక వసారా. పైన రేకులు. అందరూ అది అద్దెకివ్వడానికనుకున్నారు. వసారాలో రెండు కుర్చీలు, ఒక బల్ల వేయించినప్పుడు ఊరికి అనుమానం వచ్చింది. అద్దెకిచ్చే ఇంట్లో కుర్చీలెవరు వేస్తారు?

ఆమె ఆ ఇల్లు కట్టింది బోర్తే పెదనాన్న కోసం. ఇద్దరూ ఒక కప్పు కింద ఉండాలని, ఒక బల్ల ముందు కూర్చుని తినాలని. ఆ మాట ఆయనతో చెప్పిందట కూడా. చెప్పి వచ్చిన పొద్దున మా మధ్య కూర్చుని చేపలు కడుగుతూ ముసిముసిగా నవ్వుకుంటుంటే లామిలే పసిగట్టింది. లామిలే మా రేవులో పెద్దమ్మ తర్వాత పెద్ద వ్యాపారి. ఒంటి చుట్టూ ఉన్న కండకంటే నాలుక మీద ఉన్న కండే ఎక్కువ ఆమెకి.

"ఏంటక్కా ఆ నవ్వు? మా బావగారు ఇల్లరికం వస్తున్నాడా ఏంటి?"

"వస్తే నీకేం?"

"నాకేముంది! రేపు పొద్దున్నే ముఖం కడుక్కుని పెళ్ళాం గుమ్మంలో కూర్చున్న మగాణ్ణి చూడాలని నాకూ సరదాగానే ఉంది. నా జన్మలో చూళ్ళేదు. టిక్కెట్టు పెట్టు, కొనుక్కుంటాను."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పెద్దమ్మ నవ్వలేదు. "వస్తానన్నాడు. పండగ వెళ్ళనీ చూద్దాం అన్నాడు," అంది.

చూద్దాం అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని రెండు పండగలు వెళ్ళిపోయాయి. పెదనాన్న చెడ్డవాడేం కాదు. పొడుగ్గా, తక్కువ మాటలతో, సముద్రం మీద తప్ప మిగతా అన్నిచోట్లా బిడియపడుతూ ఉండే మనిషి. అరవై ఏళ్ళ వయసులో తండ్రి గడప దాటి పెళ్ళాం ఇంట్లో నిద్రలేస్తే తోటివాళ్ళేమంటారో అని ఆయన బెంగ. రమ్మంటే కాదనలేడు, కాదంటే ఆమె ముఖం చూడలేడు. అందుకని చూద్దాం అనేవాడు. ఆమె రోజూ వసారా తుడిచేది. మూడో వర్షాకాలానికి రేకుల మీద తుప్పు కనిపించింది. అది చూసి ఆమెకు నిజంగా దిగులు పట్టుకుంది.

"మేమిద్దరం ముసలాళ్ళమైపోతున్నామే," అంది నాతో. "ఇంక ఎప్పుడు?"

ఆ ఏడాది కవళ్ళ చేపలు ఎన్నడూ లేనంతగా పడ్డాయి. హోమోవోకి మూడు వారాల ముందు మాట. హోమోవో అంటే ఆకలిని వెక్కిరించే మా పండగ. దానికి ముందు నెల రోజులూ ఊళ్ళో చప్పుడు నిషేధం. డప్పు కొట్టకూడదు, పాట పాడకూడదు, చచ్చినవాళ్ళ కోసం గట్టిగా ఏడవకూడదు. అరిస్తే దేవతలకు ఆగ్రహం. అలాంటి నెలలో ఒక సాయంత్రం గిన్నెతో పాటు పెదనాన్న దగ్గర్నుంచి కబురొచ్చింది. ఈసారి పండగ వెళ్ళాక ఇల్లు చూడ్డానికి వస్తానన్నాడట. ఉండటానికని కాదు, చూడ్డానికని. ఆ తేడా పెద్దమ్మ చెవికి ఎక్కలేదు. రాత్రంతా నిద్రపోయినట్టు కూడా లేదు.

మర్నాడు పొద్దున మొదట ఒడ్డు చేరిన పడవ పెదనాన్నదే.

మా రేవులో పడవల దగ్గర మేం కొనే చేపకి ధర చెప్పేది పెద్దమ్మ. పన్నెండేళ్ళుగా ఆమెదే ఆ బాధ్యత. మొదటి పడవ ఒడ్డుకి రాగానే ఆమె మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, చేపని చేతిలోకి తీసుకుని, కన్ను చూసి, పొట్ట నొక్కి, తట్టకు ఇంత అని ఒక్కసారే చెబుతుంది. ఆ మాటే ఆ రోజుకి అన్ని పడవలకీ, మా ఆడవాళ్ళందరికీ ధర. ఎవరూ బేరమాడరు. మొగుడి పడవైనా, తమ్ముడి పడవైనా ఆమె అటూ ఇటూ ఒక్క అంగుళం జరిగింది లేదు. అందుకే మగవాళ్ళకీ ఆమె మాటంటే గురి.

ఆ రోజు పడవ అంచుల దాకా కవళ్ళు. వెనక ఇంకో ఇరవై పడవలు, అవీ అలాగే మునిగినట్టు వస్తున్నాయి. అంత చేప పడ్డప్పుడు తట్టకు మా డబ్బు రెండు సిడీలకు మించి చెప్పరు. కుమాసీలో కొనేవాళ్ళు కూడా కళ్ళు మూసుకుని లేరు కదా. పెద్దమ్మ నీళ్ళలోకి దిగింది. చేపని తీసుకుంది. పడవ మీద పెదనాన్న, ఒళ్ళంతా పొలుసులు మెరుస్తూ, తడి బనీనులో నిలబడి ఉన్నాడు. ఆయన్ని ఆమె అంత వెలుతురులో, అంత దగ్గరగా చూసేది ఆ రేవులోనే. చేప వైపు చూడలేదు మా పెద్దమ్మ. నేను పక్కనే ఉన్నాను, చూశాను.

"మూడున్నర," అంది.

రేవంతా బిగుసుకుపోయింది. నేను తప్పు విన్నానేమో అనుకున్నాను. పడవ మీద కుర్రాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒకడు గుప్పిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. "అన్నా, మీ ఆవిడ చేపల్ని కాదు, నిన్ను కొంటోంది," అన్నాడు. చప్పుడు నిషేధం కాబట్టి మెల్లగానే అన్నాడు, కానీ నీటి మీద మాట అందరికీ చేరింది.

పెదనాన్న ముఖం నల్లబడిపోయింది. పడవ దిగి, ఎవరి వైపూ చూడకుండా, ఇసుకలో తడి అడుగులు వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ రోజు నలభై మంది ఆడవాళ్ళం మూడున్నర చొప్పున తట్టలెత్తుకున్నాం. చెప్పిన ధర చెప్పినట్టే. అమ్మితే పెట్టిన డబ్బు రాదని అందరికీ తెలుసు. లోగిలికొచ్చాక పడ్డారు పెద్దమ్మ మీద. పాపం అరవడానికి లేదు, ఆ నెల అలాంటిది. అందుకని నలభై మందీ గుసగుసలతో తిట్టారు. ఒకళ్ళు రొమ్ము బాదుకుంటూ గుసగుస, ఇంకొకళ్ళు చేతులు తిప్పుతూ గుసగుస. చూసినవాళ్ళు ప్రార్థన చేస్తున్నారనుకునేవాళ్ళు. లామిలే అయితే పెద్దమ్మ చెవి దగ్గరకు వంగి ఒక్కో మాటా పేర్చింది.

"నీ మొగుడంటే నీకు మోజు. మంచిదే. మా పిల్లల గంజి పోసి ఆయన కాళ్ళు కడుగుతావేంటక్కా?"

పెద్దమ్మ తల వంచుకుని అంతా విన్నది. తర్వాత లేచి, తన నాలుగు పొయ్యిల మీద ఉన్న చేపంతా గంపలకెత్తించి, నష్టపోయినవాళ్ళ గుమ్మాల్లో తనే పెట్టించింది. మర్నాడు తెల్లవారి రేవులో అందరి ముందూ నిలబడింది.

"తప్పు నాదే. నా కన్ను చేప మీద లేదు. కన్ను చేప మీద లేని మనిషి ధర చెప్పకూడదు. ఇవాళ్టి నించి లామిలే చెబుతుంది," అంది.

పన్నెండేళ్ళ పెద్దరికం అంత తేలిగ్గా దించేసింది. లామిలే నోట మాట రాలేదు. నేను చూసినంతవరకు ఆ నోరు పెగలకపోవడం అదొక్కసారే.

కానీ పెద్దమ్మ దిగులు రేవు గురించి కాదు. ఆ సాయంత్రం వండి పంపిన గిన్నె తిరిగొచ్చింది. మూత తీస్తే నిండుగా ఉంది. మూటకట్టిన ముడి కూడా విప్పలేదు.

మా ఊళ్ళో మొగుడు పెళ్ళాన్ని తిట్టినా ఫర్వాలేదు, ఇంకో ఆడదాన్ని తెచ్చుకున్నా సర్దుకుంటారు. గిన్నె నిండుగా తిప్పి పంపితే మాత్రం ఊరు చెవులు కొరుక్కుంటుంది. ఆ మర్నాడూ నిండుగానే వచ్చింది. ఆ తర్వాతి రోజూ అంతే. పెద్దమ్మ పామాయిలు పులుసు పెట్టింది, బెండకాయతో చేసింది, పీతలు కొని వండింది. ఏది పంపినా అలాగే చల్లారి వెనక్కి వచ్చేది. ఆమె ఆ గిన్నె ముందు కూర్చుని మూత తీసి చూస్తూ ఉండేది. చదువుకోవడానికి ఇప్పుడు అందులో ఏమీ లేదు.

"ఆపెయ్యి పెద్దమ్మా," అన్నాను నేను, కడుపు మండి. "రోజూ పంపి రోజూ పరువు తీసుకోవడం దేనికి? ఆయనకి లాభమే కదా జరిగింది!"

"నేను పంపకపోతే ఆయన వద్దన్నట్టు కాదు, నేనే మానేసినట్టవుతుంది," అంది. "పంపనీవే."

"అదేం మనిషే!" అంది మంచం మీంచి అమ్మమ్మ. "వాడికి ధర పెంచావని కోపమేంటే? నా మొగుడికి నేను పావలా తగ్గించినందుకు ఆరు నెలలు అలిగాడు. ఇదేం విడ్డూరం!"

ఇరవై రోజులు అలాగే గడిచాయి. పండగొచ్చింది. ఆవిరి మీద ఉడికించిన మొక్కజొన్న పిండిలో పామాయిలు కలిపి, చేపల పులుసుతో, ఇంటిల్లిపాదీ ఒకే పళ్ళెంలో చేతులు పెట్టి తినే రోజది. చిన్నా పెద్దా, మగా ఆడా తేడా ఉండదు. ఏడాదిలో ఆ ఒక్కరోజు ఆడదీ మగాడూ ఒక పళ్ళెంలో తింటారు. కానీ ఎవరి తండ్రి ఇంట్లో వాళ్ళు తినాలి. ఆమె తన తండ్రివాళ్ళ పళ్ళెంలో, ఆయన తన తండ్రివాళ్ళ పళ్ళెంలో. మధ్యలో మూడు సందులు. ఊరంతా ఆకలిని వెక్కిరిస్తూ కేకలు పెడుతుంటే పెద్దమ్మ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని లేచిపోయింది.

పండగ మర్నాడు తెల్లవారుజామున ఆ ఏడాది పోయినవాళ్ళ కోసం ఊరంతా ఏడుస్తుంది. నెల రోజులు బిగబట్టిన ఏడుపు అది. ఆ ఏడుపులో పెద్దమ్మ గొంతు అందరికంటే పైన వినిపించింది. ఆ ఏడు మా ఇంట్లో ఎవరూ పోలేదు.

ఎండెక్కాక ఏడుపు ఆపి, ముఖాలు కడుక్కుని, తెల్లటివి కట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాం. ఈ ఏడు గట్టెక్కాం, వచ్చే ఏడూ ఇలాగే కలిసి కూర్చుందాం అని ఒకళ్ళ చేతులు ఒకళ్ళు పట్టుకుంటాం. తగాదాలున్నవాళ్ళు తీర్చుకుంటారు. అల్లుడు అత్తగారి లోగిలికి వచ్చి ఆవిణ్ణి పలకరించి తీరాలి. బోర్తే పెదనాన్న కూడా వచ్చాడు. తెల్లటి గుడ్డ భుజం మీద వేసుకుని అమ్మమ్మ మంచం ముందు వంగాడు.

అమ్మమ్మ ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. "ఏరా అల్లుడూ, నా కూతురు వంట పాడైపోయిందా?"

"లేదత్తా."

"మరి నీ నోరు పాడైపోయిందా?"

ఆయన చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు.

"అది ఇక్కడ లేదు. దిబ్బ మీద ఇంట్లో ఒక్కతే కూర్చుంది. వెళ్తావో మానతావో నీ ఇష్టం. నేను బతికుండగా ఇంకో పండగ చూస్తానో లేదో." అని నా వైపు తిరిగి కన్నుకొట్టింది ముసలిది. "ఒసే, అది వండిపెట్టిన గిన్నె పట్టుకుని నువ్వు కూడా పో. మగాడు ఒట్టి చేతులతో వెళ్తే బాగోదు."

నేను గిన్నెతో వెనక, ఆయన ముందు. దారిలో అందరూ చూశారు. పట్టపగలు పెళ్ళాం ఇంటివైపు నడుస్తున్నందుకు ఆయన మెడ వెనక చెమటలు కారడం నాకు కనిపిస్తూనే ఉంది. అయినా ఆగలేదు.

పెద్దమ్మ వసారాలో కూర్చుని ఉంది. ఆయన్ని చూసి లేచింది. నేను గిన్నె బల్ల మీద పెట్టి మెట్టు మీద కూర్చున్నాను. పొమ్మన్నా పోదలచుకోలేదు.

"ఇల్లు బాగా కట్టావు," అన్నాడాయన.

"ఇటుక మంచిది దొరికింది."

"కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందా?"

"అందుకే అటు పెట్టించాను."

"నా పడవ?"

"రోజూ కనిపిస్తుంది."

ఆయన కుర్చీ వెనక చెయ్యి వేసి నిలబడ్డాడు, కూర్చోకుండా.

"నువ్వు ఒకటిన్నర చెప్పినా నాకు కోపం వచ్చేది కాదు ఆఫోలే," అన్నాడు. "నా చేపకి నువ్వెంత చెబితే అదే దాని విలువ అనుకున్నాను ఇన్నాళ్ళూ. మా వాళ్ళకి కూడా అదే చెప్పుకునేవాణ్ణి. మా ఆవిడ మొగుడికైనా ఊరికే ఇవ్వదు అని. ఆ రోజు నువ్వు ఊరికే ఇచ్చావు. అందరి ముందూ దానం చేశావు నాకు."

"దానం కాదయ్యా," అంది పెద్దమ్మ. "నువ్వొస్తానన్నావని... సంతోషమేసింది. అంతే. చేప కనపళ్ళేదు నాకు."

ఆయన సముద్రం వైపు తిరిగాడు. ఆమె రేవులో పెద్దరికం వదులుకున్న సంగతి ఆయనకి తెలుసు. ఊళ్ళో తెలియనిదెవరికి? తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏం వండావు?"

పెద్దమ్మ నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. ముప్ఫై ఏళ్ళ కోరిక అది. మూట విప్పింది, నీళ్ళు పోసి చేతులు కడిగించింది, గిన్నె ముందుకు జరిపింది. రెండో కుర్చీ ఎదురుగా లాక్కుని కూర్చోబోయింది. ఆయన చెయ్యి గిన్నె మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

"నువ్వు లోపలికెళ్ళు," అన్నాడు, తల ఎత్తకుండా. "నువ్వు చూస్తుంటే నాకు దిగదు."

నాకు ఒళ్ళు భగ్గుమంది. నోరు తెరిచాను కూడా. పెద్దమ్మ నన్ను చూసి వద్దన్నట్టు తల ఊపింది. లేచి లోపలికి వెళ్ళి, గుమ్మానికి వేలాడుతున్న తెర వెనక కూర్చుంది. తెర కింద ఆమె కాళ్ళు నాకు కనిపిస్తున్నాయి. ఆయన కుర్చీని వీధికి వీపు పెట్టేలా తిప్పుకుని, గోడ వైపు వంగి, తినడం మొదలుపెట్టాడు.

ఎంతసేపు తిన్నాడో! ఊళ్ళో నెల రోజుల తర్వాత డప్పులు మోగుతున్నాయి, పిల్లలు అరుస్తున్నారు. తెర వెనక కాళ్ళు మాత్రం కదల్లేదు. ఆయన తినడం ముగించి చేతులు కడుక్కుని దగ్గాక ఆమె బయటికి వచ్చింది.

"బాగుంది," అన్నాడాయన.

"ఎప్పుడూ వండేదే."

"ఎప్పుడూ బాగానే ఉంటుంది." గుడ్డ భుజం మీద సర్దుకుని, ఒకసారి ఇంటి కప్పు వైపు చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

పెద్దమ్మ గిన్నె తీసుకుంది. ఖాళీగా ఉంది. ఆమె కళ్ళ వెంబడి నీళ్ళు కారిపోతున్నాయి.

"ఏడవకు పెద్దమ్మా. ఒట్టి మొండి మనిషి. చూడనిస్తే ఆయన సొమ్మేం పోయింది?"

"చూళ్ళేదు గానీ విన్నానే," అంది. "ఒక వైపే నములుతున్నాడు. ఒక్కో ముద్దకీ ఎంతసేపు పడుతోందో. రెండో వైపు పళ్ళు లేనట్టున్నాయి. ఎన్నాళ్ళయిందో ఏమో! నేనేమో చెక్కలాగ ఎండేదాకా పొగబెట్టి పంపుతున్నాను. ఒక్కనాడు చెప్పాడా? అది నేను చూస్తానని సిగ్గు ఆ మనిషికి. అందుకే లోపలికి పొమ్మన్నాడు."

ఆ మధ్యాహ్నమే పొయ్యి రాజేసింది. మంచి చేప ఒకటి ఏరి, సగం పొగలోనే దించేసింది. ముళ్ళన్నీ ఒక్కొక్కటే తీసింది. పులుసులో మెత్తగా ఉడికించింది. సాయంత్రమయ్యేసరికి గిన్నెలో సర్దుతోంది. నేను ఆగలేకపోయాను.

"ఇంతకీ ఇక్కడికి వచ్చి ఉంటాడా, ఉండడా? ఏమన్నా చెప్పాడా?"

"లేదు."

"నువ్వడిగావా?"

"అడగలేదు."

"అదేంటి పెద్దమ్మా! ఇల్లు కట్టింది అందుకేగా? ఇంత జరిగింది అందుకేగా? ఎదురుగా కూర్చున్న మనిషిని అడగొద్దూ?"

ఆమె గిన్నె మీద మూతపెట్టి, గుడ్డ నాలుగు కొసలూ దగ్గరికి తెచ్చి ముడేసింది.

"అడిగితే రానంటాడే," అంది. "అడగలేదు కాబట్టి ఇంకా రాలేదు, అంతే." మూట నా చేతిలో పెట్టింది. "చల్లారకముందే తీసుకెళ్ళు."